అత్తయ్య ఇచ్చిన ఉద్యోగాలు

వైజాగ్‌లో పొద్దున్న టిఫిన్ తిని బయల్దేరితే ఇప్పుడు మధ్యాహ్నం భోజనం వేళకి రాజోల్లో ఉంటున్నాం. తొంభైల్లో అలా కాదు. తెల్లవారుజామున చీకట్లో కారెక్కితే మామ్మ వాకిట్లో దిగేసరికి మళ్లీ దీపాలు పెట్టే వేళయ్యేది. ఈ మధ్యలో ఉన్న పగలంతా నలుగురు పిల్లలు వెనక సీట్లో ఒకళ్లనొకళ్లు రక్కుకోకుండా చూడటం మా అత్తయ్య వంతు.

నాన్నది సెకండ్ హ్యాండ్ అంబాసిడర్. ముందు నాన్న, అమ్మ, వాళ్లిద్దరి మధ్య పులిహోర క్యారియరూ మంచినీళ్ల మరచెంబూ. వెనక అత్తయ్య, ఆవిడ పిల్లలు బావా వదినా, నేనూ తమ్ముడూ. అత్తయ్య వాళ్లదీ వైజాగే. సంక్రాంతికి పుట్టింటికి మాతోనే వచ్చేది. మావయ్యగారికి అన్ని రోజులు సెలవు దొరికేది కాదు కాబట్టి ఆయన భోగికి ముందు ఏదో రైలు పట్టుకుని దిగేవారు. ఆయన అదృష్టవంతుడని అమ్మ అనేది, అత్తయ్యకి వినపడకుండా.

పిల్లల్ని ఆడించడం అత్తయ్యకి రాదు. ఆ మాట ఆవిడే చెప్పుకునేది. ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. "ఊరికే కూర్చున్నవాడే పక్కవాణ్ణి గిల్లుతాడు, పనిలో ఉన్నవాడికి అంత తీరిక ఉండదు" అనేది ఆవిడ సిద్ధాంతం. అందుకని కారు అనకాపల్లి చేరకముందే మాకు ఉద్యోగాలు పంచేసేది. ఒకసారి ఆర్డరు వేశాక బతిమాలినా మార్చేది కాదు.

వదినకి రాళ్ల ఉద్యోగం. అప్పట్లో అది ఎన్‌హెచ్ 5, ఇప్పుడు 16 అంటున్నారు. రోడ్డు పక్కన పసుపు తలతో రాళ్లుండేవి. ఒక్కో రాయి మీద ఊరి పేరూ దూరమూ చదివి నాన్నకి వినపడేలా చెప్పాలి. నాన్నకి ఆ రోడ్డు కళ్లు మూసుకున్నా తెలుసు. అయినా ప్రతిసారీ "ఆహా, అలాగా" అనాల్సిందే. అనకపోతే వెనక నుంచి "ఒరేయ్ అబ్బాయ్, పిల్ల గొంతు చించుకుంటోంది, వినపట్టంలేదూ?" అని అక్కగారి కేక. నక్కపల్లి దాటేసరికి నాన్న ఆహాలో ఊపిరి తగ్గిపోయేది.

బావకి బళ్ల నెంబర్లు. ఇది అందరికీ కన్ను కుట్టిన పోస్టు. ఏపీ 31 మన వైజాగే, దానికి సున్నా. ఏపీ 5 తూర్పుగోదావరి, ఏపీ 37 పశ్చిమ, వాటికి ఒకటి. ఏపీ 16 కృష్ణా, ఏపీ 7 గుంటూరు, వాటికి రెండు. దూరం పెరిగినకొద్దీ మార్కులు పెరిగేవి. ఏపీ 1 అంటే ఆదిలాబాద్, అది కనిపిస్తే కారంతా చప్పట్లు. ఒరిస్సా లారీలు లెక్కలేనన్ని వచ్చేవి కాబట్టి వాటికి విలువ లేదు. అన్నిటికంటే పెద్ద మార్కు పీవై 04. అది యానాం బండి. కాకినాడకి పక్కనే ఉన్న ఊరి బండికి ఆదిలాబాద్ కంటే ఎక్కువ మార్కులెందుకని నేను గొడవ పెట్టుకున్నాను. "అది వేరే ప్రభుత్వం, పాండిచ్చేరి వాళ్లది. అంతకు ముందు ఫ్రెంచి వాళ్లది" అని అత్తయ్య చెప్పింది. నాకు యానాం అంటే ఓడెక్కి వెళ్లాల్సిన దేశమని చాలాకాలం ఉండిపోయింది. ఈ పద్ధతి రాకముందు కొన్న పాత బళ్లకి ముందు మూడక్షరాలుండేవి. మా అంబాసిడరూ ఆ జాతే. వాటికి మార్కుల్లేవని బావ తీర్పు చెప్తే నాన్న కాస్త చిన్నబుచ్చుకున్నాడు.

తమ్ముడి సంగతి వేరు. వాడికి పెట్రోలు వాసన పడదు. ఇంట్లో అందరూ "ఏరా, తిప్పుతోందా? ఏరా, తిప్పుతోందా?" అని అడిగీ అడిగీ కక్కించేవాళ్లు. అత్తయ్య ఆ ప్రశ్నని కార్లో నిషేధించింది. వాడి చేతికి నిమ్మకాయ ఇచ్చి, "నువ్వు డాక్టరువి. అందరి మొహాలూ చూస్తూ ఉండు, ఎవరు పాలిపోతే వాళ్లకి వాసన చూపించు" అంది. వాడు సీరియస్‌గా తీసుకున్నాడు. పది నిమిషాలకోసారి అందరి ముక్కుల కిందా నిమ్మకాయ తిప్పేవాడు. నాన్న లారీని దాటిస్తున్నా సరే, వెనక నుంచి చెయ్యి వచ్చి ముక్కు కింద ఆగేది. ఎలమంచిలి దాటాక మాత్రం ఏదో ఒక చోట డాక్టరుగారే కారు ఆపించేవాడు, అది వేరే విషయం.

నాకు చిల్లర. ప్లాస్టిక్ డబ్బాలో పది పైసలు, పావలాలు, అడుగున నాలుగైదు రూపాయి బిళ్లలు. నది వస్తే ఎవరి చేతిలో ఎంత పెట్టాలన్నది నా పని. అనకాపల్లి దగ్గర శారద, తర్వాత వరాహ, తుని దగ్గర తాండవ, అన్నవరంలో పంప. వీటికి తలా పది పైసలు. రూపాయలు గోదారికే. శారదలో నీళ్లు అక్కడక్కడా మడుగుల్లా ఉంటే, ఇసకలో డబ్బులెందుకు పోసుకోవడమని తమ్ముడు తన పది పైసలు జేబులో వేసుకునేవాడు. కోశాధికారిగా నాకు అది పెద్ద తలనొప్పి.

కదులుతున్న కారులోంచి నదిలోకి నాణెం వెయ్యడం చెప్పినంత తేలిక కాదు. అద్దం సగమే దిగేది. గాలి ఎదురు కొట్టేది. ముందు కూర్చున్నవాళ్లకి తగలకూడదు, వంతెన రెయిలింగు సందులోంచి పోవాలి. సగం నాణేలు రెయిలింగుకి ఠంగుమని తగిలి రోడ్డు మీదే దొర్లేవి. అవి చెల్లుతాయా చెల్లవా అన్న దాని మీద తుని నుంచి అన్నవరం దాకా వాదన జరిగేది. "దేవుడు చెయ్యి చాచి తీసుకుంటాడ్లే" అని అమ్మ ముగించేది. ఆలోపు రత్నగిరి కనపడేది. కొండెక్కే టైము ఉన్నా లేకపోయినా ప్రసాదం మాత్రం కొనేవాళ్లం. ఆకు పొట్లంలో వేడిగా, నెయ్యి కారుతూ. ఆ పొట్లం ఖాళీ అయ్యేదాకా ఎవరికీ ఉద్యోగం గుర్తుండేది కాదు.

కత్తిపూడి నుంచి రాజానగరం దాకా రోడ్డు విసుగ్గా ఉండేది. ఎండ నెత్తి మీదికి వచ్చేది, ఇంజన్ వేడి కాళ్లకి తగిలేది, కొత్త నెంబర్లు అయిపోయేవి. అక్కడ అత్తయ్య పొడుపు కథలు తీసేది. "ఆకాశాన అంబు, అంబులో చెంబు, చెంబులో చారెడు నీళ్లు." కొబ్బరికాయని అందరికీ తెలుసు. ప్రతి ఏడూ ఇదే అడిగేది, ప్రతి ఏడూ తమ్ముడు ముందుగా అరిచేవాడు. తర్వాత "కిటకిట తలుపులు కిటారి తలుపులు, ఎప్పుడు మూసినా చప్పుడు కావు" అంటే అందరం కనురెప్పలు మూసుకుని చూపించాలి. మూసుకున్నాక తెరవద్దనేది. అలా ఇద్దరు నిద్రపోయేవాళ్లు. ఆ పొడుపు కథ అసలు ఉపయోగం అదేనని నాకు పిల్లలు పుట్టాక తెలిసింది.

రాజమండ్రి దగ్గర రెండు దార్లు. నాన్న హైవే మీద పోతే కడియం నర్సరీల పక్కనుంచి జొన్నాడ, గౌతమి వంతెన, రావులపాలెం. తొందర లేకపోతే ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా. మేం బ్యారేజీ కోసం గోల చేసేవాళ్లం, గేట్లు లెక్కపెట్టాలని. బ్యారేజీకి మొత్తం 175 గేట్లని అత్తయ్య చెప్పింది. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి కట్టించిన పాత ఆనకట్ట బలహీనపడితే, దాని చోట ఈ బ్యారేజీ కట్టారు, 1982కి పూర్తయింది. ఇదంతా ఆవిడ క్లాసులో చెప్పినట్టు చెప్పేది, మేం వినేవాళ్లం కాదు. మాకు 175 కావాలంతే.

నలుగురం నాలుగు గొంతులతో ఒకటీ రెండూ మూడూ అని మొదలుపెట్టేవాళ్లం. గేటుకీ గేటుకీ మధ్య స్తంభం కళ్ల ముందు నుంచి గబగబా జరిగిపోయేది. ముప్ఫై దగ్గర బావ వేరే లెక్కలో ఉండేవాడు. ధవళేశ్వరం వైపు 70 అయ్యాయో లేదో నీళ్లు పోయి నేల వచ్చేసేది. పిచ్చుక లంక. మళ్లీ నీళ్లు, మళ్లీ గేట్లు, ఈసారి 43. అంతే, బొబ్బర్లంక వచ్చేది, నాన్న ఎడమకి తిప్పేవాడు. ఎంత జాగ్రత్తగా లెక్కపెట్టినా 113 దాటేది కాదు. మా తప్పేమోనని ఏళ్ల తరబడి కొట్టుకున్నాం. వదిన నన్ను, నేను తమ్ముణ్ణి, తమ్ముడు గవర్నమెంటుని అనుమానించాం. విషయం ఏమిటంటే బ్యారేజీ నాలుగు ముక్కలు. ధవళేశ్వరం, ర్యాలి అయ్యాక మా దారి కోనసీమలోకి మళ్లిపోతుంది. మద్దూరు వైపు 23, విజ్జేశ్వరం వైపు 39 అటు పశ్చిమగోదావరి వెళ్లేవాళ్లకి. అత్తయ్యకి ఈ సంగతి మొదటి నుంచీ తెలుసు. "చెప్పేస్తే వచ్చే ఏడాది లెక్కపెట్టరుగా" అంది, తర్వాతెప్పుడో అడిగితే.

బొబ్బర్లంక దాటాక కారు మెల్లగా పోయేది, ఎందుకంటే పక్కనే కాలువ. కాలువ పక్క రోడ్డు మీద స్పీడు పోతే అమ్మ కళ్లు మూసుకుని దండకం చదివేది. లొల్ల లాకుల దగ్గర ఆగి రేడియేటర్లో నీళ్లు పోసేవాళ్లం. క్యారియర్ కూడా అక్కడే విప్పేవాళ్లం. లాకుల మీద నుంచి నీళ్లు దూకే చప్పుడుకి ఒకరి మాట ఒకరికి వినపడేది కాదు, అందువల్ల అక్కడ కొట్టుకోవడం కూడా దండగే.

ఆత్రేయపురంలో పూతరేకులు ఎక్కడైనా కొనుక్కోవచ్చు. అత్తయ్యకి మాత్రం తెలిసినావిడ ఇంటి పెరట్లోకి వెళ్లి కొనాలి. మమ్మల్నీ తీసుకెళ్లేది. బోర్లించిన కుండ, నున్నగా నల్లగా. కింద ఎండు కొబ్బరాకు మంట. ఆవిడ పల్చటి బియ్యప్పిండి నీళ్లలో గుడ్డ ముంచి, రెండు కొసలూ పట్టుకుని కుండ మీద ఇటు నుంచి అటు ఒక్కసారి లాగేది. గుడ్డ వెళ్లిన చోట తెల్లటి పొర వచ్చేది, ఆవిరి పోయేలోపే అంచు లేచేది. రెండు చేతులతో తీసి పక్కన పెట్టేది. మళ్లీ ముంచడం, లాగడం, తియ్యడం. మంట సరిగ్గా లేకపోతే రేకు చిరిగిపోతుంది, అప్పుడు తల తిప్పకుండానే ఎడమ చేత్తో ఒక ఆకు పొయ్యిలోకి తోసేది. మేం నలుగురం మాట్లాడకుండా నిలబడిపోయేవాళ్లం. తమ్ముడు నిమ్మకాయ కూడా మర్చిపోయేవాడు. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ ఎడమ చెయ్యే.

రావులపాలెం వస్తే అత్తయ్య ధోరణి మారిపోయేది. అరటిగెలల లారీలు దాటి కొత్తపేట రోడ్డెక్కగానే, "ఇక్కణ్ణించి ఎవరి ఉద్యోగం వాళ్లు మానెయ్యొచ్చు" అనేది. మాకు మొదట్లో అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, ఇక్కణ్ణించి ఉద్యోగం ఆవిడదే. కిటికీ పక్క సీటు ఆవిడకి వదిలెయ్యాలి. వైజాగ్ నుంచి మా అందరికీ హద్దులు గీసిన మనిషి, ఇక్కడికొచ్చేసరికి మెడ బయటపెట్టి "అదిగో, ఆ సందులోనే మా పెద్దమ్మ వాళ్లిల్లు! ఆ చెరువుగట్టు మీదే నేను పడ్డాను! ఒరేయ్ తమ్ముడూ, ఆ రావిచెట్టు కొట్టేశార్రా!" అని ఒకటే హడావుడి. నాన్న కూడా "ఎక్కడక్కా, ఎక్కడ?" అంటూ స్టీరింగ్ వదిలేసేంత పనిచేసేవాడు. అమ్మ మా వైపు తిరిగి నవ్వేది. వాళ్లిద్దరినీ ఎవరూ ఆడించక్కర్లేదు.

పి.గన్నవరం అక్విడెక్టు దగ్గర మాత్రం మళ్లీ నా డబ్బా బయటికి రావాలి. అక్కడ వైనతేయ మీద కాలువ పోతుంది. కింద నది, పైన కాలువ. నగరం లంక పొలాలకి, అంటే మామ్మ వాళ్ల వైపుకి, గోదారి నీళ్లు గోదారి మీదుగానే దాటుకుని వస్తాయి. నాణెం కాలువలో వెయ్యాలా నదిలో వెయ్యాలా అని మాకు సందేహం. తమ్ముడిది అసలు వేరే సందేహం. "జొన్నాడలో గోదారికి రూపాయిచ్చాం కదా, మళ్లీ ఇక్కడ గోదారికెందుకు?" ధవళేశ్వరం దగ్గర గోదారి గౌతమి, వశిష్ఠ అని రెండుగా చీలుతుందనీ, వశిష్ఠలోంచి వైనతేయ విడిపోతుందనీ అత్తయ్య వివరంగా చెప్పింది. వాడు అంతా విని, "అయితే మొదటి రూపాయిలోనే పంచుకోమను" అన్నాడు. నాన్న కారు ఆపి మరీ నవ్వాడు.

ఆ వంతెన మీదే ఎప్పుడూ డొక్కా సీతమ్మగారి కథ. లంకల గన్నవరంలో ఉండి, వేళగాని వేళ ఏరు దాటి వచ్చిన వాళ్లెవరైనా సరే ఆకలితో పోకుండా వండి పెట్టిన ఇల్లాలు. 1909లో పోయారు. కొత్తగా కట్టిన అక్విడెక్టుకి ఇప్పుడు ఆవిడ పేరే. ఆ కథ వింటే తమ్ముడికి ఆకలేసేది. క్యారియర్లో అడుగున ఉన్న జంతికలు అప్పుడు బయటికొచ్చేవి.

1995 సంక్రాంతి ప్రయాణం వీటన్నిటిలో కలవదు. ఆ జనవరి 8న పాశర్లపూడి దగ్గర గ్యాస్ బావిలో బ్లోఅవుట్ అయి మంట లేచింది. వెళ్లాలా వద్దా అని ఇంట్లో రెండు రోజులు టెన్షన్. మామ్మ ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేయించి, "మా ఊరికి భయం లేదు, పిల్లల్ని తీసుకురండి, అరిసెలు వండేశాను" అని కబురు పెట్టింది. బయల్దేరాం. గన్నవరం దాటేసరికి చీకటి పడింది, ఎదర ఆకాశం మాత్రం చీకటి పడలేదు. కొబ్బరిచెట్ల తలలు నల్లగా, వాటి వెనక అంతా ఎర్రగా. దగ్గరకొచ్చేకొద్దీ ఆగకుండా ఒకటే హోరు. బావ ఎప్పట్లాగే "దీనికెన్ని మార్కులు అమ్మా?" అన్నాడు. అత్తయ్య వాణ్ణి దగ్గరికి లాక్కుంది, ఏమీ అనలేదు. తాటిపాకలో ఒక టీ కొట్టు దగ్గర నాన్న దిగి దారి కనుక్కుంటుంటే, ఊళ్లు ఖాళీ చేసి వచ్చినవాళ్లు మూటల మీద కూర్చుని ఉన్నారు. మా ఈడు పిల్లలు కూడా. అత్తయ్య మా ఒళ్లో ఉన్న జంతికల డబ్బా తీసుకుని దిగి, ఖాళీ డబ్బాతో వచ్చింది. ఆ మంట ఆర్పడానికి 65 రోజులు పట్టింది. పండగంతా రాత్రుళ్లు మామ్మ డాబా మీద నుంచి ఆ ఎరుపు కనపడుతూనే ఉండేది.

ఆ అంబాసిడర్ ఎప్పుడో పోయింది. దారి కూడా మారిపోయింది. 2002లో యానాం, ఎదుర్లంక మధ్య బాలయోగి వంతెన వచ్చాక రాజమండ్రి వెళ్లాల్సిన పనే లేదు. కత్తిపూడి దగ్గర 216 ఎక్కితే కాకినాడ, యానాం, ముమ్మిడివరం, అమలాపురం మీదుగా నేరుగా రాజోలు. ఒకప్పుడు పెద్ద మార్కు తెచ్చిపెట్టిన యానాం మధ్యలోంచే పోతాం, పీవై 04లు వరసగా నిలబడి ఉంటాయి. నెంబర్ల ఆట నా పిల్లలకి నేర్పుదామనుకుంటే 2019లో రాష్ట్రమంతటికీ ఒకటే ఏపీ 39 పెట్టేశారు. శ్రీకాకుళమో చిత్తూరో ఎవడు చెప్పగలడు? అత్తయ్య దీని మీద ఇప్పటికీ కోపంగా ఉంది. రవాణా శాఖలో ఎవరికీ చిన్నపిల్లలు లేరని ఆవిడ అభిప్రాయం.

నా పిల్లల దగ్గర ఫోనుంటుంది, వెనక ఏసీ ఉంటుంది, అయినా తుని రాకముందే "ఇంకెంతసేపు?" మొదలవుతుంది. మొన్న పండక్కి అత్తయ్య కూడా మాతో వచ్చింది. రిటైరై చాలా ఏళ్లయింది, మోకాళ్ల నొప్పులు, అయినా వెనక సీట్లో పిల్లల మధ్యే కూర్చుంటానంది. నేను ఫోనులో మ్యాప్ పెట్టాను. అందులో దారి చెప్పే ఆవిడ గొంతు మన ఊళ్ల పేర్లని పెట్టే హింస మీకు తెలిసిందే. ముమ్మిడివరాన్ని ఎక్కడ విరవాలో తెలియక మధ్యలో విరిచింది. మావాడు కిసుక్కున నవ్వాడు. అత్తయ్యకి అది చాలు. బ్యాగులోంచి పెన్ను తీసి నా కూతురికి ఇచ్చి, టోలు రసీదు వెనక గీతలు గియ్యమంది. "ఆవిడ చదివింది చదివినట్టు రాసుకో. తమ్ముడు సరిగ్గా పలికి వినిపిస్తాడు. ఊరికి పది మార్కులు, తప్పుకి రెండు కోత."

వాళ్లిద్దరూ ఫోను గొంతు కోసం చెవులు రిక్కించి కూర్చున్నారు. ఊరు రాకపోతే నన్ను కావాలని పక్క రోడ్డులోకి తిప్పమన్నారు, అది ఇంకో పేరు చెప్తుందని. అంబాజీపేట వైపు అక్కర్లేకుండా ఒక చుట్టు తిరిగాం. బోడసకుర్రు వచ్చేసరికి మ్యాపావిడ మార్కులు మైనస్‌లోకి పోయాయి. మావాడు, "అమ్మమ్మా, ఫెయిలా?" అన్నాడు.

"ఫెయిలంటే ఫెయిలా! వాళ్లమ్మానాన్నల్ని ఒకసారి స్కూలుకి తీసుకురమ్మను" అంది అత్తయ్య.